ముప్పై ఆరు రోజుల పస్తు

ఇంటికి వచ్చినవాళ్లు కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి నా వైపు తిరిగి అదే అడుగుతారు. అన్ని రోజులు అన్నం, నీళ్లు లేకుండా ఎట్లా బతికావని. కొందరు ఊరికే అడుగుతారు. కొందరి ఇంట్లో మాత్రం అప్పటికే ఎవరో ఒకరు ఆసుపత్రిలో ముక్కులో గొట్టంతో పడుకుని ఉంటారు. వాళ్ల గొంతు వేరుగా ఉంటుంది, వెంటనే తెలిసిపోతుంది. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను. కొంత నా కోసం కూడా. మూడేళ్లు గడిచాయి. కొన్ని రోజులు ఇప్పటికే కలగలిసిపోతున్నాయి, పూర్తిగా చెరిగిపోకముందే ఒకచోట పెట్టుకోవాలనిపించింది. భయం పోయాక ఆ వార్డు నాకు గుర్తొచ్చే తీరు కూడా మారింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఆ మధ్యాహ్నాల మీద నాకిప్పుడు బెంగగా ఉంటుంది.

నా పేరు అనసూయ. రాయచూరు స్టేషన్ దగ్గర మాకొక ఖానావళి ఉండేది. మా వైపు రొట్టె భోజనం పెట్టే చోటును అట్లా అంటారు. జొన్నరొట్టె, నూనె వంకాయ, పుంటికూర పప్పు, పల్లీల పొడి, పెరుగు, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. అంతే, వేరే ఏమీ ఉండేవి కావు. దాన్ని మొదలుపెట్టింది మా బావగారు, ఆయన భార్య పద్మక్క. నేను యరగేర నుంచి ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చిన నెలకే పద్మక్క నా ముందు పిండి పళ్లెం పెట్టింది. మా అమ్మ దగ్గర నేర్చుకున్న రొట్టె ఇక్కడ పనికిరాదంది. మా అమ్మ రొట్టె మందంగా ఉండేది, పాలలో నానబెట్టుకుని తినేవాళ్లం. ఖానావళి రొట్టె పలచగా, పెనం మీద పూరీలా పొంగాలి. అది రావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు మేమిద్దరం రెండు పొయ్యిల ముందు పక్కపక్కనే నిలబడ్డాం. నా చేతి చప్పుడు విని, చూడకుండానే, పిండిలో నీళ్లు ఎక్కువయ్యాయని చెప్పేది. బావగారు పోయినప్పుడు కూడా పదమూడో రోజు దాటగానే ఆమె పొయ్యి ముందుకు వచ్చింది.

ఆ తర్వాత మా మధ్య చెడింది. తప్పు నాదే. కాలేజీ పిల్లలు వేపుడన్నం, నూడుల్స్ అడుగుతున్నారని, ఒక పొయ్యి వాటికి ఇద్దామని నేనన్నాను. ఆమె వద్దంది. మాట మీద మాట పెరిగి, నీ చేతి కూర తినేది ఇంక ముసలివాళ్లేనని అనేశాను. పద్మక్క చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వెనక తలుపు నుంచి వెళ్లిపోయింది. ఆమె ఇల్లు మా పక్క సందులోనే. రెండేళ్లు ఎదురుపడ్డా మాట్లాడుకోలేదు.

ఆ సంవత్సరం శ్రావణమాసం మొదట్లో ఒక పొద్దున, పిండి తడుపుతుండగా బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. వాయువు అనుకున్నాను. వాము నమిలాను. పదకొండు గంటలకు నిలబడలేకపోయాను, పన్నెండుకల్లా ఆకుపచ్చగా వాంతి అయింది. మా ఆయన ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎప్పుడో మా అమ్మాయి పుట్టినప్పుడు ఆపరేషన్ అయినచోట లోపల తాడులాంటి పోగు ఏర్పడి, అది పేగుకు ఉరిలా బిగిసిందట. సాయంత్రానికి కడుపు కోశారు. నల్లబడిన మూరెడు పేగు తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. ఇదంతా నాకు తర్వాత చెప్పినదే. నాకు గుర్తున్నది చల్లటి బల్ల, మూతికి పెట్టిన రబ్బరు వాసన మాత్రమే.

ఐదో రోజు మంచినీళ్లు ఇస్తామన్నారు. ఆ పొద్దుటి కోసం నాలుగు రోజులు ఎదురుచూశాను. నీళ్లకు బదులు చలిజ్వరం వచ్చింది. పక్కటెముకల కింద పెట్టిన గొట్టం నుంచి సంచిలోకి పసుపుపచ్చగా, చిక్కగా దిగడం మొదలైంది. మా సర్జన్ కన్నడాయన, రాయచూరు తెలుగు బాగానే వచ్చు కానీ తొందరలో రెండూ కలిసిపోయేవి. మంచం పక్కన కూర్చుని ఒక కాగితం వెనక బొమ్మ గీసి చూపించాడు. కుట్టు దగ్గర సన్నగా కారుతోందట. ఇట్లా కొందరికి అవుతుందట. ఇప్పుడు మళ్లీ కోస్తే పేగు తడిసిన కాగితంలా ఉంటుంది, కుట్టు నిలవదు. దానంతటదే పూడుకునేదాకా ఆ దారిన ఏమీ పంపకూడదు.

"నీళ్లు గూడ బేడమ్మా," అని కన్నడం కలిపి వద్దన్నాడు. "ఒక్క గుటక గూడ బేడ."

ఎన్నాళ్లని అడిగాను. పేగు చెప్పాలి, నేను కాదు అన్నాడు.

ఆకలి గురించి అందరూ తప్పుగా అనుకుంటారు. కడుపులో మంట రోజూ పెరుగుతూ పోతుందనుకుంటారు. నాకు అది నాలుగైదు రోజులే ఉంది. తర్వాత కడుపు మూగబోయింది. ఆకలి అక్కడి నుంచి లేచి వేరే చోట్లకు పోయింది. నాలుకకు పోయింది, ముక్కుకు పోయింది. మెట్ల కింద ఎవరో టిఫిన్ డబ్బా మూత తీస్తే, అందులో ఏ కూర ఉందో మంచం మీద నుంచే చెప్పగలిగేదాన్ని. కళ్లు మూసుకుంటే యరగేర కనిపించేది. మా అమ్మ పొద్దున్నే జొన్నరవ్వ ఉడికించిన గటకలో మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ చేత్తో నలిపి ఇచ్చేది. చిన్నప్పుడు నేను దాన్ని ఈసడించుకునేదాన్ని. ఆ గిన్నె అంచు సొట్ట ఏ వైపు ఉండేదో కూడా గుర్తొచ్చి ఏడ్చేదాన్ని. మెడ దగ్గర పెద్ద నరంలోకి సన్న గొట్టం వేసి, దానికి సీసాలు తగిలించారు. ఒకటి పాలలా తెల్లగా, ఒకటి నీళ్లలా. ఆ నీళ్లలాంటిదాన్లో మాంసకృత్తుల ముక్కలు ఉంటాయని, వాటినే అమైనో ఆమ్లాలు అంటారని నర్సు షమీమ్ చెప్పింది. ఇవి పోకపోతే ఒళ్లు తన కండను తానే కరిగించి తినేస్తుందంది. పోతున్నా కూడా కొంత తింటూనే ఉంది. గాజులు మోచేయి దాకా జారేవి. దువ్వెనకు జుట్టు ఉండలుగా వచ్చేది.

మా ఆయన నెమ్మదస్తుడు. ఖానావళిలో వడ్డన చూసుకునేవాడు, ఎవరు ఇంకొక రొట్టె అడిగినా లేదనడం చేతకానివాడు. ఆసుపత్రిలో ఆయనకు చేసే పని లేకుండా పోయింది. రోజంతా స్టూలు మీద కూర్చుని సీసాలో చుక్కలు చూసేవాడు. నా ముందు తినడానికి మనసొప్పక ఆయన కూడా చిక్కిపోయాడు. ఖానావళికి తాళం వేశాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వార్డు తలుపు దగ్గర పద్మక్క నిలబడి ఉంది. అంతకుముందు రెండు రోజులూ ఆమె కింద హాల్లోనే, రోగుల బంధువులు కూర్చునే బెంచీ మీద కూర్చుని, సాయంత్రం దాకా ఉండి వెళ్లిపోయిందని మా ఆయన చాలా నెలల తర్వాత చెప్పాడు. పైకి రావడానికి కాళ్లు రాలేదట. లోపలికి వచ్చి నా కాళ్ల వైపు నిలబడి, దుప్పటి సరిచేసింది. జబ్బు సంగతి అడగలేదు, పాత సంగతీ ఎత్తలేదు.

"పొద్దుగాల పొయ్యి నేను ముట్టిస్తున్న," అంది. "నువ్వు దాని ఫికర్ పెట్టుకోకు."

ఆ రోజు నుంచి ఆమె మధ్యాహ్నం రెండింటిదాకా ఖానావళి నడిపి, స్నానం చేసి, చీర మార్చుకుని వచ్చేది. మార్చిన చీరలో కూడా కాల్చిన జొన్నపిండి వాసన ఉండేది. ఆమెకు చెప్పలేదు కానీ ఆ వాసన కోసం రెండు గంటల నుంచి తలుపు వైపు చూసేదాన్ని.

మా పక్క మంచం సింధనూరు వైపు, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఉండే కాలువ క్యాంపులో వరి పండించే సుబ్బారావు గారిది. క్లోమం వాచి ఆయనకు కూడా నోటికి అన్నీ ఆపేశారు. ఆయన భార్య సత్యవతి గారు అన్నం డబ్బా పట్టుకుని వరండా చివర, మెట్లు దిగి, బండ్లు పెట్టే చోటుకు వెళ్లి తిని వచ్చేది. ఎండలో అంత దూరం ఎందుకని ఒకసారి అడిగాను. "ఇక్కడ మూత తీస్తే మీ ఇద్దరి మొహాలూ చూడలేనండి. అక్కడైతే నాకూ నాలుగు ముద్దలు దిగుతాయి," అంది. అంత పెద్ద వార్డులో మా వాసన బాధ కనిపెట్టింది ఆమె ఒక్కతే.

పద్నాలుగో రోజు నేను తప్పు చేశాను. ఇది రాయడానికే ఇన్నాళ్లు వెనకాడాను. ఆ పొద్దున మా ఆయన దగ్గర ఏడ్చాను. ఎట్లాగూ చచ్చిపోతాను, నాలుక తడవకుండా పంపకని అన్నాను. అట్లాంటి మాట ఆయన ముందు ఎప్పుడూ అనలేదు. ఆయన లేచి బయటికి వెళ్లి, గంట తర్వాత ఎక్కడి నుంచో గ్లాసులో వేడి చారు తెచ్చాడు. నర్సులు అటు తిరిగినప్పుడు చెంచాతో పోశాడు. ఆ మొదటి గుటక గురించి అబద్ధం చెప్పను. మిరియం, చింతపండు, ఇంగువ. గొంతు దిగుతుంటే ఒళ్లంతా వెచ్చగా తెరుచుకుంది. సాయంత్రం మళ్లీ అడిగాను. మళ్లీ తెచ్చాడు. రెండుసార్లూ కలిపి అరగ్లాసు ఉంటుంది. ఆ రోజు పద్మక్క తడి దూదితో నా పెదాలు తుడుస్తూ, ఒక్క క్షణం ఆగి, దూదిని వెలుగులో పెట్టి చూసింది. పసుపు అంటింది. ఆమె దాన్ని మడిచి పారేసి, ఇంకో దూది తడిపింది.

మర్నాడు సంచి నిండింది. జ్వరంతో పళ్లు టకటకలాడాయి, మంచం కదిలింది. రక్తపోటు పడిపోయింది. పదహారో రోజు పొద్దున సర్జన్ వచ్చి, కారణం అర్థం కావడం లేదని, కుట్టు పూర్తిగా ఊడిపోయి ఉండొచ్చని, అట్లయితే మళ్లీ కోయడం తప్పదని చెప్పాడు. ఈసారి లేచి వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. కాగితం మా ఆయన చేతిలో పెట్టారు. ఆయన కలం పట్టుకుని నా వైపు చూశాడు. నేను కళ్లు మూసుకున్నాను. చారు సంగతి చెబితే డాక్టర్లు ఆయన్ను తిడతారని, నన్ను వదిలేస్తారని, అంతకంటే పద్మక్క ముందు చిన్నబోతానని భయం. చచ్చిపోయే ముందు కూడా మనిషి అట్లాంటివే ఆలోచిస్తుంది.

మంచం అవతలి నుంచి పద్మక్క గొంతు వినిపించింది.

"సారూ, కోసే ముందల ఒక మాట ఇనుండ్రి. మొన్న దీనికి చారు తాపిండ్రు. నేను దూది మీద చూసిన."

వార్డంతా విన్నట్టనిపించింది. సర్జన్ మా ఆయన వైపు తిరిగాడు. మా ఆయన తల దించుకుని ఎంత, ఎన్నిసార్లు అని అడిగినదానికల్లా సమాధానం చెప్పాడు. నేను పద్మక్కను చూశాను. రెండేళ్లుగా ఇందుకే కాచుకుని ఉంది, అందరి ముందు మమ్మల్ని దోషుల్ని చేసింది అనుకున్నాను. జ్వరంలో కూడా ఆ కోపం చాలా స్పష్టంగా ఉంది.

సర్జన్ అరవలేదు. కాగితం మా ఆయన చేతిలో నుంచి తీసుకుని ఫైల్లో పెట్టేశాడు. కారణం తెలిసింది కాబట్టి రెండు రోజులు చూద్దామన్నాడు. మందులు మార్చాడు, స్కాను తీయించాడు. కుట్టు ఊడలేదు. కారే చోట చారు పోయి పుండును రేపింది. ఆ రోజు కోసి ఉంటే నేను బల్ల మీదే పోయేదాన్నని తర్వాత ఆయనే అన్నాడు. ఆ మాట విన్నాక కూడా నేను పద్మక్కతో మాట్లాడలేదు. ఆమె వచ్చినప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె మాత్రం రోజూ వచ్చింది. తడి దూది, కాళ్లకు నూనె, దుప్పటి. వారం రోజులు నా వీపు చూస్తూనే కూర్చుంది.

జ్వరం తగ్గాక, ఇరవయ్యో రోజు సర్జన్ కొత్త సంగతి చెప్పాడు. పేగు అంటే ఉత్త గొట్టం కాదట. దాని లోపలి గోడ ఇంట్లో మట్టిగోడ లాంటిది, ఎప్పటికప్పుడు అలుకుతూ ఉండాలి. మూడు నాలుగు రోజులకోసారి తన పైపొరను తానే మార్చుకుంటుంది. ఆ పనికి కావలసిన తిండి చాలావరకు తన మీదుగా పోయే అన్నంలో నుంచే తీసుకుంటుంది. పస్తులుంటే అలికేవాళ్లు లేని గోడలా పలచబడుతుంది, సందులు పడతాయి. లోపల ఉండాల్సిన క్రిములు ఆ సందుల్లో నుంచి రక్తంలోకి జారతాయి. నాకు వచ్చిన చలిజ్వరాల్లో కొన్ని అందువల్ల కూడా కావచ్చని ఆయన అనుమానం. నరంలోకి ఎక్కించేది ఒంటికి అందుతుంది కానీ, పేగు గోడకు అది చాలదు. ఆ గోడకు బాగా ఇష్టమైన అమైనో ఆమ్లం ఒకటుందట, గ్లుటమిన్. అది నీళ్లలో ఎక్కువకాలం నిలవదు కాబట్టి మామూలు సీసాల్లో ఉండదు. పొడిగా వస్తుంది. అప్పటికప్పుడు కలిపి, ముక్కులో నుంచి కుట్టు దాటేదాకా వేసిన సన్న గొట్టంలో, చుక్కచుక్కగా కొద్దిపాటి ద్రవాహారంతో కలిపి పంపుతామన్నాడు.

అది పనిచేస్తుందా అని మా ఆయన అడిగాడు. సర్జన్ నిజాయితీగా చెప్పాడు. మంత్రం కాదు. కొందరు రోగుల్లో మేలు కనిపించిందని రాశారు, కొందరిలో ఏ తేడా లేదని రాశారు, మూత్రపిండాలు దెబ్బతిని ఒళ్లు పూర్తిగా కుదేలైనవాళ్లకు ఇస్తే కీడని కూడా రాశారు. ఈమె మూత్రపిండాలు బాగున్నాయి, రోజూ పరీక్ష చేస్తూ ఇస్తాను, అసలు మందు ఆ చుక్కలు పేగును తాకడమే అన్నాడు. ఇప్పటికీ నన్ను ఆ పొడి పేరేంటి, ఎక్కడ దొరుకుతుంది, మా నాన్న నీరసంగా ఉన్నాడు తెచ్చిపెట్టాలి అని అడుగుతుంటారు. పేరు చెబుతాను. కానీ మీ డాక్టరును అడగకుండా కొనకండని కూడా చెబుతాను. నన్ను బతికించింది ఆ పొడే అని నేను అనలేను. అందులో దాని వంతు ఎంతో, రోజుల వంతు ఎంతో, నాకు తెలియదు.

ముక్కులో గొట్టం దిగేటప్పుడు షమీమ్ నా చేయి పట్టుకుని, "ఘబ్రాయించకు అమ్మా, నీళ్లు మింగినట్టు మింగు," అంది. మింగడానికి నీళ్లే లేవు కదా అని నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే గొట్టం దిగిపోయింది.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం. నేను గోడ వైపు తిరిగి ఉన్నాను, పద్మక్క వెనక కూర్చుని ఉంది. లోపల ఎక్కడో చిన్నగా గుడగుడమని కదిలింది. మూడు వారాలుగా మూగగా ఉన్న కడుపు. డాక్టర్లు రోజూ స్టెతస్కోపు ఆనించి విని తల ఊపకుండా వెళ్లిపోయేవాళ్లు. ఊపిరి బిగబట్టాను. మళ్లీ మోగింది. ఎవరికైనా చెప్పాలి, అక్కడున్నది ఆమె ఒక్కతే.

"అక్కా, కడుపు మాట్లాడుతోంది," అన్నాను.

ఆమె లేచి, వార్డులో అందరూ చూస్తున్నా లెక్కచేయకుండా వంగి, కట్టు తగలకుండా నా పొట్టకు చెవి ఆనించింది. చాలాసేపు అట్లాగే ఉంది. లేచినప్పుడు చెంప తడిగా ఉంది. "అవునే," అంది.

ఆ తర్వాతి పదమూడు రోజులే నాకు ఇప్పుడు బెంగ కలిగించేవి. నోటికి ఇంకా ఏమీ లేదు. కానీ పద్మక్కను వంట గురించి చెప్పమని నేనే అడిగాను. మొదట ఆమె ఒప్పుకోలేదు, ఆకలి రేపినట్టవుతుందని. వినకపోతేనే రేపుతోందన్నాను. అప్పుడు మొదలుపెట్టింది. నూనె వంకాయకు పల్లీలు ఎంత రంగు వచ్చేదాకా వేయించాలి, నువ్వులు ఎప్పుడు దింపాలి, వంకాయ తొడిమ ఎందుకు తీయకూడదు. తొందరపడేది కాదు. ఉల్లిగడ్డ తరగడానికి ఎంతసేపు పడుతుందో చెప్పడానికీ అంతసేపు పట్టేది. నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. నోట్లో నీళ్లూరితే నాలుక తడిసేది, అదే భోజనం. నాలుగో రోజుకు పక్క మంచం నుంచి సుబ్బారావు గారు కూడా చెవి ఇటు వేశారు. అమ్మా, ఆ పుంటికూరలో మీరు పచ్చిమిరపకాయలు నూరి వెయ్యరా అని సన్నగా అడిగారు. సత్యవతి గారు అదే ఆకుతో తాము చేసే గోంగూర పచ్చడి లెక్క చెప్పింది. ఆమె, పద్మక్క ఆవాల దగ్గర పేచీ పడ్డారు. మా ఆయన స్టూలు ఇటు జరుపుకున్నాడు. నోటికి మెతుకు లేని ఇద్దరు రోగులు, వండే చేతులున్న ఇద్దరు ఆడవాళ్లు, కిటికీలో నుంచి భాద్రపదం వాన. నా జీవితంలో అంత తీరిగ్గా ఎవరూ ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. పద్దెనిమిదేళ్లు పక్కపక్కన నిలబడ్డామే గానీ, పద్మక్క తన చిన్నతనం గురించి, అరకేరలో తన మేనత్త దగ్గర వంట నేర్చుకోవడం గురించి చెప్పింది అప్పుడే. పొయ్యి దగ్గర మాకు ఎప్పుడూ టైము లేదు.

ఆ కబుర్లు మొదలైన మూడో రోజు నేను వేపుడన్నం నాటి మాట ఎత్తాను. క్షమించమని అడగబోయాను. ఆమె విననట్టు, ఉలవచారుకు పోపు ఎట్లా పెట్టాలో చెప్పుకుంటూ పోయింది.

ముప్పై ఆరో రోజు పొద్దున, సంచి నాలుగు రోజులుగా ఖాళీగా ఉందని నిర్ధారణ చేసుకున్నాక, సర్జన్ తానే చెంచా పట్టుకున్నాడు. మంచినీళ్లు. నోట్లో కాసేపు ఉంచుకున్నాను. నీళ్లకు రుచి ఉంటుందని ఆ రోజు తెలిసింది, కొంచెం ఇనుము, కొంచెం తీపి. మింగి, అందరం ఆ రోజంతా జ్వరం కోసం కాచుకున్నాం. రాలేదు. నీళ్లు మొదలైన రెండో రోజు బియ్యం గంజి తేట. ఐదో రోజు మెత్తటి పెరుగన్నం, ఉప్పు లేకుండా. సుబ్బారావు గారు అప్పటికే మజ్జిగ దాకా వచ్చేశారు. ఆయన డిశ్చార్జ్ అయిన రోజు సత్యవతి గారు నా దిండు పక్కన ఒక చిన్న మూట పెట్టి వెళ్లింది. తమ పొలంలో పండిన పాతబియ్యం, రెండు గుప్పెళ్లు. నేను ఇంటికి వెళ్లాక మొదటి గంజి ఆ బియ్యంతోనే కాచారు.

ఇంటికి వచ్చింది నలభై ఐదో రోజు. చిక్కిపోయిన ఒళ్లు చూసుకోవద్దని మా అమ్మాయి అద్దాన్ని తిప్పి పెట్టింది. నడవడం, మెట్లెక్కడం మళ్లీ నేర్చుకున్నాను. రొట్టె ముట్టడానికి నాలుగు నెలలు పట్టింది. మా ఆయన చాలాకాలం నాకు నీళ్లు ఇచ్చేటప్పుడు కూడా డాక్టరు రాసిచ్చిన చీటీ తీసి చూసుకునేవాడు. ఒకరోజు, అడిగింది నేను కదా, నువ్వు కాదు కదా అన్నాను. ఆయన బయటికి వెళ్లి కాసేపటికి వచ్చాడు. ఆ తర్వాత చీటీ చూడటం మానేశాడు. రోగి ఏడిస్తే కరిగిపోవడం ప్రేమే. అది నాకు తెలుసు. కానీ మీ ఇంట్లో ఎవరికైనా నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారంటే, దయచేసి ఇవ్వకండి. ఇచ్చి ఉంటే మాత్రం దాచకండి.

తర్వాత రెండేళ్లు పద్మక్క, నేను మళ్లీ ఖానావళి నడిపాం. నేను కూర్చుని పిండి తడిపేదాన్ని, ఆమె కాల్చేది. వేపుడన్నం పెట్టలేదు. పోయిన చలికాలంలో రోడ్డు వెడల్పు చేస్తూ ఆ వరస ఇళ్లు తీసేశారు. పద్మక్క గంగావతిలో కూతురి దగ్గరికి వెళ్లాలని నిర్ణయించుకుంది. కూల్చే ముందు ఆఖరి రోజు వచ్చినవాళ్లందరికీ పెట్టి, గిన్నెలు తోమి, మూడు గంటలకు మేమిద్దరం పళ్లేలు పెట్టుకుని నేల మీద కూర్చున్నాం. అప్పుడు అడిగాను, ఆ రోజు అందరి ముందు డాక్టరుకు చెప్పినప్పుడు నేనేమనుకుంటానో అనిపించలేదా అని.

పద్మక్క పుంటికూర కలుపుకుంటూ ఉంది.

"ఎందుకనిపియ్యలె. ఇంక జన్మల నాతోటి మాట్లాడవనుకున్న," అంది. "మాట్లాడకపోతే పాయె. నన్ను తిట్టుకునేతందుకైనా నువ్వు ఉండాలె గద."

ఆమె తన రొట్టెలో సగం తుంచి నా పళ్లెంలో వేసి, చల్లారుతుంది తినమంది.